పిన్ను పట్టినంత మాత్రాన బొమ్మ రాదు

విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో కంప్యూటర్ షాపుకు వెళ్లి "ల్యాప్‌టాప్‌కు మానిటర్ కలిపే కేబుల్ కావాలి" అంటే, కౌంటర్ దగ్గరి కుర్రాడు ముందుగా అడిగేది "ఏ పిన్ను అండీ?" అనే. ప్రశ్న సరైనదే కానీ అది సగం ప్రశ్న. పిన్ను అంటే కేబుల్ చివర ఆకారం. అటు ల్యాప్‌టాప్‌లో, ఇటు మానిటర్‌లో దూరుతుందా లేదా అన్నంత వరకే దానితో తేలుతుంది. దూరాక బొమ్మ వస్తుందా, వస్తే మానిటర్‌కు పెట్టిన డబ్బుకు తగ్గట్టు వస్తుందా అన్నది వేరే లెక్క. చాలామంది రెండోసారి షాపు మెట్లెక్కేది ఆ రెండో లెక్క ఎవరూ అడగకపోవడం వల్లే.

ఆ లెక్కలో ల్యాప్‌టాప్ పోర్టు, కేబుల్, మానిటర్ పోర్టు మూడూ ఉంటాయి. మధ్యలో అడాప్టరో, ఒక పోర్టును నాలుగైదుగా చేసే హబ్బో పెడితే అది నాలుగోది. వీటిలో ఏది అన్నిటికంటే తక్కువదో, బొమ్మ దాని స్థాయికే దిగిపోతుంది. అందుకే ఖరీదైన కేబుల్ ఒక్కటి కొన్నంత మాత్రాన పాత ల్యాప్‌టాప్ నుంచి కొత్త బొమ్మ రాదు. చవక కేబుల్ వాడినంత మాత్రాన ప్రతిచోటా నష్టమూ ఉండదు.

ముందు కొంచెం గుణకారం చేయాలి. ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు. ఈ బొమ్మ సెకనుకు 60 సార్లు తాజా అవుతుంది. అన్నీ గుణిస్తే సెకనుకు సుమారు 3 గిగాబిట్లు (గిగాబిట్ అంటే వంద కోట్ల బిట్లు). 4కే తెర 3840 × 2160, అంటే చుక్కలు సరిగ్గా నాలుగు రెట్లు, కాబట్టి సుమారు 12 గిగాబిట్లు. వరుసకూ వరుసకూ మధ్య కనపడని విరామాలు, సిగ్నల్‌ను కోడ్ చేసేటప్పుడు చేరే అదనపు బిట్లు కలిపితే, టీవీలకూ మానిటర్లకూ బొమ్మ, శబ్దం పంపే హెచ్‌డీఎంఐ మీద ఇది దాదాపు 18కి చేరుతుంది. ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 సామర్థ్యం 10.2 గిగాబిట్లు. 2013 నాటి 2.0 సామర్థ్యం 18. 2017లో వచ్చిన 2.1ది 48. 4కే మానిటర్‌ను 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు తాజా చేస్తూ నడపాలంటే 1.4 ఎందుకు చాలదో, 2.0 ఎలా సరిగ్గా సరిపోతుందో ఈ అంకెల్లోనే ఉంది.

పోర్టు సామర్థ్యం చాలకపోతే ఏమవుతుంది? తెర నల్లగా ఉండిపోతే నయం, తప్పు ఎక్కడో ఉందని వెంటనే తెలుస్తుంది. సాధారణంగా అలా జరగదు. ల్యాప్‌టాప్, మానిటర్ తమలో తాము మాట్లాడుకుని, ఇద్దరికీ కుదిరే స్థాయికి దిగి, 4కే బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపుతాయి. అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి కానీ మౌస్ బాణం జిగురులో నడిచినట్టు ఈడుస్తుంది, పేజీ జరిపితే తడబడుతుంది. "మానిటర్ స్లోగా ఉందండీ" అని వాపసు ఇవ్వడానికి తెచ్చే కొత్త మానిటర్లలో కొన్నింటి జబ్బు ఇదే, పాపం మానిటర్ తప్పేమీ ఉండదు. ఇంటెల్ 6వ తరం నుంచి 9వ తరం దాకా వచ్చిన మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్స్‌కు సొంతంగా హెచ్‌డీఎంఐ 1.4 వరకే చేతనవును. ఆపైన కావాలంటే ల్యాప్‌టాప్ కంపెనీ విడిగా ఓ చిప్ పెట్టాలి. చాలా మోడళ్లలో పెట్టలేదు. అదే ల్యాప్‌టాప్‌లో బొమ్మ పంపగల టైప్-సీ పోర్టో, మానిటర్ల కోసమే ఉన్న డిస్‌ప్లే పోర్ట్‌కు చిన్న రూపమైన మినీ డిస్‌ప్లే పోర్టో ఉంటే మాత్రం దాని గుండా 4కే 60 హెర్ట్జ్‌లో వెళ్తుంది. అంటే పాత ల్యాప్‌టాప్ ఉన్నవారు హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మార్చి మార్చి చూడటం కంటే ల్యాప్‌టాప్‌కు ఇంకో పోర్టు ఉందేమో వెతుక్కోవడం మేలు.

హెచ్‌డీఎంఐ కేబుళ్ల విషయంలో షాపుల్లో వినిపించే "1.4 కేబుల్", "2.0 కేబుల్", "8కే కేబుల్" అన్న మాటలు కొంత గందరగోళం చేస్తాయి. వెర్షన్ నంబర్లు పరికరాలకు సంబంధించినవి. కేబుళ్లను విభజించేది వేగాన్ని బట్టి: హై స్పీడ్, ప్రీమియం హై స్పీడ్, అల్ట్రా హై స్పీడ్. ప్రీమియం అంటే 18 గిగాబిట్లకు, అల్ట్రా అంటే 48కి పరీక్ష చేసినవి. ఈ రెండు రకాలకూ ప్యాకెట్ మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే ధ్రువీకరణ లేబుల్ ఉంటుంది. కేబుల్ తొడుగు మీద పెద్ద అక్షరాల్లో 8కే అని అచ్చు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాబట్టి నమ్మాల్సింది ఆ లేబుల్‌నే. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కైతే ఇంట్లో సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన హెచ్‌డీఎంఐ వైరు కూడా సరిపోతుంది, దానికి అల్ట్రా కొనడం దండగ. 4కే 60కి ప్రీమియం తీసుకోవాలి. 4కేలో 120, 144 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ అయితే అల్ట్రా తప్పదు. బంగారు పూత ఉన్న పిన్నుల వల్ల రంగులు మెరుగుపడవు. పూత వల్ల పిన్ను తుప్పు పట్టకుండా ఉంటుంది, అంతే. ఇది డిజిటల్ సిగ్నల్. అందినంత కాలం బొమ్మ ఒకేలా ఉంటుంది. కేబుల్ ఓపలేకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది.

అసలు చిక్కంతా టైప్-సీతోనే. 2014లో ఈ పోర్టు వచ్చినప్పుడు ఇక అన్ని పనులకూ ఒకే రంధ్రం అన్నారు. రంధ్రం ఒకటే అయింది కానీ దాని వెనక ఏముందో కంపెనీ కంపెనీకీ మారుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టైప్-సీ పోర్టు ఫైళ్లు పంపడానికే. కొన్నింటిలో ఫైళ్లు, చార్జింగ్. కొన్నింటిలోనే ఈ రెంటితో పాటు బొమ్మ కూడా. ఆ బొమ్మ పంపే ఏర్పాటును డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. పక్కపక్కనే ఉన్న రెండు టైప్-సీ పోర్టుల్లో ఒక్కదానికే అది ఉండే ల్యాప్‌టాప్‌లూ ఉన్నాయి. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉంటే అది థండర్‌బోల్ట్ అనే ఎక్కువ వేగం రకం, బొమ్మ ఖాయం. డి, పి అక్షరాలు కలిపి గీసిన చిన్న గుర్తు ఉన్నా ఖాయం. యూఎస్‌బీ4 అని రాసి ఉన్నా ఫరవాలేదు. ఏ గుర్తూ లేనంత మాత్రాన బొమ్మ రాదని కాదు, కొన్ని కంపెనీలు గుర్తే వేయవు. అప్పుడు ల్యాప్‌టాప్ కింద అంటించిన స్టిక్కర్‌లోని మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వివరాలు చూడాలి. పేరు ఒకటే ఉండి, చివరి రెండు అక్షరాలు మారితే పోర్టులూ మారిపోయే మోడళ్లు ఉంటాయి, కాబట్టి నంబరు పూర్తిగా కొట్టాలి.

ల్యాప్‌టాప్ పోర్టు సరైనదే అనుకుందాం. అప్పుడు కేబుల్ దగ్గర బోల్తా పడతారు. టైప్-సీ మూతిలో 24 పిన్నులు ఉంటాయి. బొమ్మ వెళ్లేది అందులోని హై స్పీడ్ జతల మీద. ఫోన్‌తో డబ్బాలో వచ్చే చార్జింగ్ కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0 రకం, వాటి లోపల ఆ జతలే ఉండవు. చార్జింగ్ బ్రహ్మాండంగా అవుతుంది, ఫోటోలు కూడా కాపీ అవుతాయి, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అంటుంది. పైకి చూస్తే రెండు కేబుళ్లకూ తేడా కనపడదు. ఒక్కోసారి మందం చెబుతుంది కానీ దాన్ని నమ్ముకోలేం. 240 వాట్లు అని రాసి ఉన్న లావుపాటి అల్లిక కేబుళ్లు కూడా లోపల యూఎస్‌బీ 2.0వే అయి ఉండొచ్చు. వాట్లు చార్జింగ్ సంగతి చెబుతాయి, గిగాబిట్లు బొమ్మ సంగతి చెబుతాయి. మానిటర్ కోసం కొనేటప్పుడు ప్యాకెట్ మీద 10, 20, 40 గిగాబిట్లలో ఏదో ఒక అంకె కనపడాలి. 480 మెగాబిట్లు అని ఉందంటే అది చార్జింగ్ వైరే.

వాట్లను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. టైప్-సీ మానిటర్లలో మంచి రకాలు అదే కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌ను చార్జ్ కూడా చేస్తాయి. ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇంతకంటే సుఖం లేదు: బల్ల మీద ఒకే ఒక్క వైరు, పెట్టగానే బొమ్మ, కరెంటు, కీబోర్డు, మౌస్ అన్నీ వచ్చేస్తాయి. అయితే మామూలు టైప్-సీ కేబుల్ 3 ఆంపియర్ల దాకానే, అంటే 60 వాట్లు. దానికి మించి 100 వాట్లు కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి, దాని మూతిలో తన సామర్థ్యం చెప్పే చిన్న చిప్ ఉంటుంది. 2021 నుంచి ఈ హద్దును 240కి పెంచారు. మానిటర్ 90 వాట్లు ఇవ్వగలిగినా కేబుల్ 60దైతే ల్యాప్‌టాప్‌కు అందేది 60 వాట్లే. బరువైన పని చేస్తుంటే చార్జింగ్‌లో ఉండగానే బ్యాటరీ తరుగుతూ పోతుంది. మానిటర్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్‌ను పారేయకుండా వాడితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

మానిటర్‌కు టైప్-సీ లేకపోతే ఒక చివర టైప్-సీ, మరో చివర హెచ్‌డీఎంఐ ఉన్న కేబులో చిన్న అడాప్టరో తీసుకుంటారు. దీని ప్యాకెట్‌ను కొంచెం అనుమానంగా చదవాలి. "4కే" అని పెద్దగా ఉంటుంది, 60 హెర్ట్జ్ అని ఎక్కడా ఉండదు. 60 అని రాసి లేకపోతే దాదాపు 30 అనే అనుకోవాలి. నాలుగైదు పోర్టులు ఉండే హబ్బుల్లో ఇంకో మెలిక ఉంది. టైప్-సీలో హై స్పీడ్ దారులు నాలుగు. హబ్‌కు పెన్‌డ్రైవులు, హార్డ్ డిస్కులు వేగంగా నడపాలంటే రెండు దారులు అటు పోతాయి, బొమ్మకు రెండే మిగులుతాయి. డిస్‌ప్లే పోర్ట్ 1.2 స్థాయి ల్యాప్‌టాప్ అయితే ఆ రెండు దారుల మీద 4కే 60 పట్టదు, 30కి పడిపోతుంది. ల్యాప్‌టాప్, హబ్ రెండూ దాని తర్వాతి డిస్‌ప్లే పోర్ట్ 1.4 స్థాయివైతే అవే రెండు దారుల మీద ఎలాగోలా పట్టేస్తుంది. అదే హబ్ ఒకరి ల్యాప్‌టాప్ మీద చక్కగా పనిచేసి ఇంకొకరి దాని మీద పనిచేయకపోవడానికి కారణం ఇది, హబ్ నకిలీదని అనుకోనక్కర్లేదు.

కేబుళ్లకు దిశ కూడా ఉంటుంది. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే పోర్ట్ ఉండి మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే మామూలు చవక కేబుల్ చాలు, ఎందుకంటే చాలా డిస్‌ప్లే పోర్టులు హెచ్‌డీఎంఐ సిగ్నల్ కూడా పంపగలవు. అదే తిరగేసి, ల్యాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లే పోర్ట్ పెడితే ఆ కేబుల్ పనిచేయదు. రెండు వైపులా మూతులు చక్కగా పడతాయి, బొమ్మ మాత్రం రాదు. ఆ దిశలో కావాలంటే సిగ్నల్‌ను మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, దానికి యూఎస్‌బీ నుంచి విడిగా కరెంటు కూడా ఇవ్వాల్సి వస్తుంది. టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ కేబుళ్లదీ ఇదే దారి: ల్యాప్‌టాప్ టైప్-సీ నుంచి మానిటర్ హెచ్‌డీఎంఐకి వెళ్తుంది, వెనక్కి రాదు. కేబుల్ అడిగేటప్పుడు "హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ కేబుల్" అని కాకుండా "ల్యాప్‌టాప్ వైపు ఇది, మానిటర్ వైపు ఇది" అని చెప్పాలి.

పాత వీజీఏ ఇంకా పోలేదు. 1987లో ఐబీఎం తెచ్చిన ఈ 15 పిన్నుల నీలం మూతి కాలేజీ సెమినార్ హాళ్ల ప్రొజెక్టర్లకు, చిన్న ఆఫీసుల పాత మానిటర్లకు ఇప్పటికీ వేలాడుతూ కనపడుతుంది. ఇది అనలాగ్. కొత్త ల్యాప్‌టాప్‌లో ఉండేది డిజిటల్ పోర్టులే కాబట్టి మధ్యలో చిప్ ఉన్న కన్వర్టర్ పెట్టక తప్పదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేదీ, వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదీ రెండు వేర్వేరు వస్తువులు. వీజీఏలో శబ్దం వెళ్లదు, అందుకే కొన్ని కన్వర్టర్లకు పక్కన స్పీకర్ జాక్ ఇస్తారు. ప్రొజెక్టర్‌కు వీజీఏ చాలు. రోజంతా అక్షరాలు చదివే పనికి మాత్రం మానిటర్‌కు ఇంకో పోర్టు ఉంటే వీజీఏ జోలికి పోకూడదు. అక్షరాల అంచులు అలికినట్టుంటాయి, సాయంత్రానికి కళ్లు లాగుతాయి. తెల్ల మూతి ఉండే డీవీఐ అనే పాత పోర్టు ఉన్న మానిటరైతే మామూలు హెచ్‌డీఎంఐ–డీవీఐ కేబుల్‌తో పని జరిగిపోతుంది.

డిస్‌ప్లే పోర్ట్ మన దగ్గర ఎక్కువగా గేమర్లకే తెలుసు కానీ, మానిటర్ కోసమే పుట్టినది అదే. వీడియో పరికరాల ప్రమాణాలు రాసే వెసా సంస్థ 2006లో తెచ్చింది. 144, 165 హెర్ట్జ్ మానిటర్ కొని హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తే, ఆ మానిటర్ హెచ్‌డీఎంఐ పోర్టు పాతదైతే పూర్తి వేగం రాకపోవచ్చు. డిస్‌ప్లే పోర్ట్‌లో వస్తుంది. దీని మూతికి కొక్కెం ఉంటుంది, నొక్కి లాగాలి. నొక్కకుండా లాగేసి పోర్టు పాడు చేసుకునేవారు తక్కువేమీ కాదు.

బ్రాడీపేట ఆడిటర్ ఆఫీసుల్లో వచ్చే అవసరం వేరు: ల్యాప్‌టాప్ తెర కాక ఇంకో రెండు తెరలు, ఒకదాంట్లో ట్యాలీ, ఇంకోదాంట్లో జీఎస్టీ పోర్టల్. ల్యాప్‌టాప్‌కు ఉన్నది ఒక్క హెచ్‌డీఎంఐ. షాపులో హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అమ్ముతారు, ధర కూడా తక్కువే. స్ప్లిటర్ రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది. షోరూంలో పది టీవీలకు ఒకే వీడియో పెట్టడానికి అది. రెండు వేర్వేరు బొమ్మలు కావాలంటే ల్యాప్‌టాప్ నుంచి రెండు పోర్టులు వాడాలి, ఉదాహరణకు హెచ్‌డీఎంఐ ఒకటి, టైప్-సీ ఒకటి. లేదా రెండు అవుట్‌పుట్లు ఉన్న డాక్ (పెద్ద హబ్ లాంటిది) తీసుకోవాలి. టైప్-సీలో బొమ్మే లేని ల్యాప్‌టాప్‌కు కూడా డిస్‌ప్లేలింక్ అనే పద్ధతి మీద నడిచే డాక్‌లు ఉన్నాయి. అవి బొమ్మను డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌తో కుదించి మామూలు యూఎస్‌బీ మీద పంపుతాయి. లెక్కల పట్టికలకు, మెయిళ్లకు బాగానే ఉంటుంది, గేములకు పనికిరాదు. ఎం1, ఎం2 చిప్పుల మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అది నేరుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. కేబుల్ మార్చినా అంతే. రెండోది కావాలంటే ఈ డిస్‌ప్లేలింక్ దారే గతి.

మానిటర్ బదులు 43 అంగుళాల టీవీ వాడే ఇళ్లూ చాలా ఉన్నాయి. టీవీ మీద అక్షరాలు మసకగా కనపడితే కేబుల్‌ను అనుమానించే ముందు రిమోట్ పట్టుకోవాలి. టీవీ బొమ్మను కాస్త సాగదీసి అంచులు కత్తిరించే అలవాటు వల్ల టాస్క్‌బార్ సగం కనపడకుండా పోతుంది. ఆ ఇన్‌పుట్ పేరును మెనూలో పీసీ అని మార్చితే చాలా టీవీల్లో ఇది సర్దుకుంటుంది. ఇంకో సంగతి, 4కే టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టుకు పూర్తి వేగం ఇచ్చే సెట్టింగ్‌ను కొన్ని కంపెనీలు మొదట ఆఫ్‌లో ఉంచుతాయి. అది ఆన్ చేయనంత వరకు ఎంత మంచి కేబుల్ పెట్టినా 30 హెర్ట్జే వస్తుంది, లేదా ఎర్ర అక్షరాల అంచులు చెదిరినట్టు కనపడతాయి.

పొడవు సంగతి. బల్ల మీద మానిటర్‌కు మీటరున్నర, రెండు మీటర్లు చాలు. ఎందుకైనా మంచిదని ఐదు మీటర్లు తీసుకుని చుట్ట చుట్టి పెట్టడం వల్ల 4కేలో అనవసరమైన చిక్కులు వస్తాయి. రాగి తీగలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది. ఫుల్ హెచ్‌డీ పది మీటర్లు పోయినా, 4కే 60 అంత దూరం పోదు. కాన్ఫరెన్స్ హాల్లో గోడ వెనక నుంచి టీవీకి లాగాలంటే లోపల ఫైబర్ ఉన్న ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోవాలి. దాని మూతుల మీద ఏది సోర్స్, ఏది డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి గోడలో పెట్టి ప్లాస్టరింగ్ చేయించారంటే మళ్లీ మేస్త్రీని పిలవాల్సిందే, కాబట్టి ముందు నేల మీద పరిచి పరీక్షించాలి.

కేబుల్ బాగున్నా తెర అప్పుడప్పుడు నల్లబడుతుంటే చుట్టూ ఒకసారి చూడాలి. గ్యాస్ లిఫ్ట్ ఆఫీసు కుర్చీలోంచి ఎవరైనా లేచినప్పుడల్లా మానిటర్ ఒక్క క్షణం ఆరిపోవడం నిజంగా జరిగేదే. కుర్చీలో పుట్టే స్టాటిక్ కరెంటు ప్రభావాన్ని సరైన షీల్డింగ్ (బయటి విద్యుత్ ప్రభావాన్ని ఆపే లోపలి తొడుగు) లేని కేబుల్ పట్టుకుంటుంది. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జర్ పెట్టి ఉన్న ల్యాప్‌టాప్ లోహపు భాగం తాకితే చేయి జివ్వుమంటుంది. అలాంటి చోట రెండింటికీ కరెంటు ఉండగా కేబుల్ తగిలిస్తే పోర్టు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముందు కేబుల్ కలిపి, తర్వాత స్విచ్ వేయడం మంచిది. రెండూ ఒకే స్పైక్ గార్డ్ మీద ఉంటే ఇంకా మంచిది.

షాపుకు వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, మానిటర్ వెనక పోర్టుల ఫోటో, దాని మోడల్ నంబరు ఫోన్‌లో పెట్టుకోవాలి. అక్కడే తగిలించి చూపించమంటే ఎవరూ కాదనరు. బొమ్మ వచ్చింది కదా అని అక్కడితో ఆగకుండా, విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరకు వెళ్లి రిఫ్రెష్ రేట్ (బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు తాజా అవుతుందో) ఎంత చూపిస్తోందో చదవాలి. షాపు మానిటర్ ఫుల్ హెచ్‌డీ, ఇంట్లోది 4కే అయితే ఈ పరీక్షతో కేబుల్ తెగిపోలేదని మాత్రమే తెలుస్తుంది. అలాంటప్పుడు ఇంటికెళ్లి అదే పేజీ మళ్లీ తెరవాలి, 60 బదులు 30 కనపడితే మార్చుకోవడానికి వీలుగా బిల్లు, ప్యాకెట్ చింపకుండా ఉంచుకోవాలి.